దారి మధ్యలో ఉన్నప్పుడు

'దేవుడు నన్ను నడిపిస్తున్నాడంటే నా దారి ఇలా ఎందుకుంది?' విశ్వాసి నోట తరచుగా వినిపించే ప్రశ్న ఇది. కొందరు పైకే అడుగుతారు. చాలామంది మనసులోనే దాచుకుని, ఆదివారం యథాప్రకారం ఆలయానికి వచ్చి, పాటలు పాడి, నవ్వుతూ చేతులు కలిపి వెళ్లిపోతారు. చేస్తున్న ఉద్యోగం ఉన్నట్టుండి పోయిన వాడు, ప్రార్థన చేసి మరీ పెళ్లి చేసిన కూతురు ఏడాది తిరక్కుండా పుట్టింటికి తిరిగి వచ్చిన తండ్రి, ఆపరేషన్ అయినా జబ్బు తగ్గని తల్లి... వీరందరిదీ ఇదే వేదన. కష్టం ఒక ఎత్తయితే, 'నేను దేవుని చిత్తాన్ని సరిగ్గా తెలుసుకోలేకపోయానా, దారి తప్పానా' అన్న అనుమానం మరో ఎత్తు. నిజానికి కష్టం కంటే ఈ అనుమానమే మనిషిని ఎక్కువగా కుంగదీస్తుంది.

దేవుని నడిపింపు గురించి మనకు ఒక ఊహ ఉంటుంది. అది హైవే మీది బోర్డులా ఉండాలి. ఎటు తిరగాలో, ఇంకా ఎన్ని కిలోమీటర్లు ఉందో ముందే కనబడాలి. గుంతలు ఉండకూడదు. గుంత వచ్చిందంటే తప్పు దారిలో వచ్చామని అర్థం. మన ఊహ ఇలా ఉంటుంది. అయితే పరిశుద్ధ గ్రంథంలోని భక్తుల జీవితాలు చూసినా, మన కళ్ల ముందున్న చరిత్ర చూసినా నడిపింపు అలా కనబడదు. అందుకు సాక్ష్యం కోసం దూరం వెళ్లనక్కర్లేదు. మన బేగంపేట దాకా వెళితే చాలు.

బేగంపేటలో ఒక పాత భవనం

బేగంపేట అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది విమానాశ్రయం. 2008 మార్చిలో శంషాబాద్‌కు మారేదాకా అమెరికాకైనా, గల్ఫ్‌కైనా మన పిల్లలు ఇక్కడి నుంచే విమానం ఎక్కారు. ఎందరో తల్లిదండ్రులు ఇక్కడే కన్నీళ్లు తుడుచుకుంటూ 'ప్రభువా, నీదే భారం' అని పిల్లల్ని సాగనంపారు. ఆ పాత విమానాశ్రయానికి దగ్గర్లోనే ఒక పాత భవనం ఉంది. దానికి సర్ రోనాల్డ్ రాస్ పేరు పెట్టారు. మలేరియాను మోసుకొచ్చేది దోమే అనడానికి తొలి రుజువు ప్రపంచానికి దొరికింది ఇక్కడే. అది 1897 ఆగస్టు 20వ తేదీ. ఆ రోజును ఇప్పటికీ ప్రపంచమంతా దోమల దినంగా గుర్తు చేసుకుంటుంది.

ఈ మాట మనం బడిలో చదువుకున్నదే. ఆ రోజుకు ముందూ ఆ రోజు తర్వాతా ఏం జరిగిందో మాత్రం మనలో ఎక్కువమందికి తెలియదు. మన ప్రశ్నకు సంబంధించినది అక్కడే ఉంది.

రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. తండ్రి సైన్యాధికారి. కుర్రవాడికి ఇష్టమైనవి కవిత్వం, చిత్రలేఖనం, సంగీతం. తండ్రి మాత్రం వైద్యం చదివి ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాలన్నాడు. అలా ఇష్టం లేకుండానే వైద్యుడయ్యాడు. పరీక్షల్లో తడబడి, రెండోసారి రాసి, 1881లో ఉద్యోగంలో చేరాడు. చాలా ఏళ్లు ఏ ప్రత్యేకతా లేని పటాలం వైద్యుడిగానే గడిపాడు. 1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద వైద్యుడు ఆయనకు మైక్రోస్కోపులో మలేరియా క్రిమిని చూపించాడు. దీనికీ దోమకూ ఏదో సంబంధం ఉండాలన్న ఆలోచననూ ఆయనే అందించాడు. అప్పటిదాకా లోకమంతా మలేరియా చెడుగాలి వల్ల, చిత్తడి నేలల మీది ఆవిరి వల్ల వస్తుందనే నమ్మేది. ఆ జబ్బు పేరుకు అర్థమే చెడుగాలి.

1895లో రాస్ సికింద్రాబాద్‌లోని పటాలానికి వచ్చాడు. ఆ నాటి నుంచి కష్టాలు మొదలయ్యాయి. దోమలు పట్టించి, జ్వరం వచ్చిన వారిని కుట్టించి, ఆ దోమలను ఒక్కొక్కటిగా కోసి చూశాడు. ఏమీ కనబడలేదు. పని కుదురుకునేలోపే కలరా అదుపు చేయడానికి బెంగళూరు వెళ్లమని ఆదేశాలు వచ్చాయి. 1897లో ఊటీ ప్రాంతానికి వెళ్లినప్పుడు ఆయనకే మలేరియా సోకింది. తాను వెతుకుతున్న శత్రువు తన ఒంట్లోకే వచ్చి కూర్చుంది.

ఆ ఏడాది జూన్‌లో మళ్లీ సికింద్రాబాద్ చేరాడు. ఎండలు మండిపోతున్నాయి. పంకా వేయించుకుందామంటే కోసి పెట్టుకున్న దోమలు గాలికి ఎగిరిపోతాయి. అందుకని ఉక్కపోతలోనే కూర్చున్నాడు. నుదుటి చెమట, చేతుల చెమట తగిలి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. కంటికి ఆనించి చూసే అద్దాల్లో మిగిలిన ఆఖరిది కూడా పగిలి బీటలు వారింది. వందల దోమలను కోశాడు, ఫలితం లేదు. ఎందుకు లేదో ఆయనకు అప్పుడు తెలియదు. ఇప్పుడు మనకు తెలుసు. అవన్నీ మలేరియాను మోయని జాతి దోమలు. రెండేళ్ల పాటు ఆయన వెతకరాని చోట వెతికాడు.

ఆగస్టు నడిమిలో ఆయన సహాయకుడు కొన్ని దోమ పిల్లలు తెచ్చి ఇచ్చాడు. వాటి నుంచి రెక్కల మీద మచ్చలున్న వేరే రకం దోమలు బయటికి వచ్చాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని ఆ దోమలతో కుట్టించారు. దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ఇచ్చారు. రోజుకు కొన్ని చొప్పున కోసి చూస్తుంటే, కొన్ని చచ్చిపోతుంటే, ఆఖరికి రెండు మూడు మిగిలాయి. ఆగస్టు 20న వాటిలో ఒకదాని పొట్ట గోడలో, ఇంతకు ముందు ఏ దోమలోనూ చూడని గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో మలేరియా క్రిమి ఆనవాలైన నల్లని రంగు పదార్థం ఉంది. మర్నాడు ఆఖరి దోమను కోస్తే ఆ కణాలే ఇంకొంచెం పెరిగి కనిపించాయి. అవి దోమలో బతికి పెరుగుతున్నాయని తేలింది. కవిత్వం మీద ప్రేమ పోని ఆ వైద్యుడు ఆ సమయంలో పద్యాలు రాసుకున్నాడు. దొరికినదాన్ని తన ప్రతిభగా చెప్పుకోలేదు, దేవుడు కనికరించి చేతికి ఇచ్చినదిగా రాసుకున్నాడు.

గెలుపు తర్వాత మళ్లీ మూసిన తలుపు

కథ ఇక్కడ ముగిస్తే మనకు బాగుంటుంది. చాలామంది ఇక్కడే ముగిస్తారు. కానీ ఆ తర్వాత నెల తిరిగేసరికి రాస్‌కు మళ్లీ బదిలీ ఉత్తర్వు వచ్చింది. రాజపుటానాలోని ఖేర్వాడా అనే మారుమూల చోటుకు పంపారు. దోమలు, రోగులు, పరిశోధన అన్నీ ఇక్కడే ఉండిపోయాయి. ఆశ ఫలించిన క్షణంలోనే పని ఆగిపోయింది. నెలల తరబడి ఆయన ఉత్తరాలు రాసుకుంటూ, పై అధికారులకు విన్నపాలు పంపుకుంటూ గడిపాడు.

1898 ఫిబ్రవరిలో కలకత్తాకు వెళ్లే అవకాశం వచ్చింది. అక్కడ ఇంకో ఇబ్బంది. ప్లేగు భయంతో, సూదిమందు భయంతో జనం రక్తపు చుక్క ఇవ్వడానికి కూడా ముందుకు రాలేదు. మనుషులు దొరక్క పక్షుల వైపు తిరిగాడు. పక్షులకు వచ్చే మలేరియా మీద పని చేయడం మొదలుపెట్టాడు. ఆ ఏడాది జూలైలో క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరడం, అక్కడి నుంచి కాటు ద్వారా ఆరోగ్యంగా ఉన్న పక్షికి ఎక్కడం కళ్లారా చూశాడు. మొత్తం చక్రం బయటపడింది. మనుషులైతే అన్నిసార్లు, అంత స్వేచ్ఛగా పరీక్షించడం సాధ్యమయ్యేది కాదు. మూసుకుపోయిన తలుపే ఆయన్ని తెరిచి ఉన్న తలుపు దగ్గరికి చేర్చింది. అదే ఏడాది ఇటలీ శాస్త్రవేత్తలు మనుషుల విషయంలోనూ దీన్ని నిరూపించారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

రాస్ గొప్ప భక్తుడని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆయన కోపిష్టి. తోటి శాస్త్రవేత్తలతో ఘనత ఎవరిదన్న గొడవలు ఏళ్ల తరబడి నడిపాడు. ఆయన బదిలీ ఉత్తర్వుల మీద దేవుడే సంతకం చేశాడని చెప్పే సాహసం కూడా మేము చేయం. మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ రెండేళ్లలో ఏ రోజున ఆయన్ని నిలబెట్టి 'నీ దారి ఎటు పోతోంది?' అని అడిగినా, 'తెలియదు' అనేదే నిజాయతీ గల జవాబు. బెంగళూరు బదిలీ నాడు తెలియదు. జ్వరంతో మంచం పట్టిన నాడు తెలియదు. ఖేర్వాడా వెళ్లిన నాడు అసలే తెలియదు. వెనక్కి తిరిగి చూసినప్పుడే అది దారిలా కనబడింది. నడుస్తున్నప్పుడు అది ఉక్కపోత, చెమట, పగిలిన అద్దం మాత్రమే.

దగ్గరి దారి ఎందుకు ఇవ్వలేదు?

పరిశుద్ధ గ్రంథం చెప్పే నడిపింపు కూడా ఇలాంటిదే. ఐగుప్తు నుంచి బయటికి వచ్చిన ఇశ్రాయేలీయులకు కనానుకు దగ్గరి దారి ఉంది. అది ఫిలిష్తీయుల దేశం మీదుగా పోతుంది. దేవుడు వారిని ఆ దారిన తీసుకుపోలేదని, చుట్టుదారిన అరణ్యం గుండా తీసుకుపోయాడని నిర్గమకాండం స్పష్టంగా చెబుతుంది (నిర్గమ 13:17, 18). కారణం కూడా చెబుతుంది. యుద్ధం చూసి వారు బెదిరి వెనక్కి తిరుగుతారేమోనని. ఆ కారణం గ్రంథం చదువుతున్న మనకు తెలుసు. ఎండలో నడుస్తున్న వారికి తెలియదు. వారికి తెలిసింది ఒక్కటే, దారి దూరమైందని.

సముద్రం దాటిన మూడు రోజులకే వారికి దొరికిన నీళ్లు చేదు (నిర్గమ 15:23). మేఘస్తంభం ముందు నడుస్తూనే ఉంది, అయినా మారా వచ్చింది. దేవుడు ముందు నడుస్తున్న దారిలోనే చేదునీళ్లు ఎదురయ్యాయి. కష్టం వచ్చింది కాబట్టి దారి తప్పామనే లెక్క ఇక్కడే వీగిపోతుంది.

సంఖ్యాకాండం తొమ్మిదో అధ్యాయంలో ఆ మేఘం గురించి మరో మాట ఉంది. అది రెండు రోజులు ఆగితే జనం రెండు రోజులు ఆగేవారు. నెల ఆగితే నెల, ఏడాది ఆగితే ఏడాది. ఎందుకు ఆగిందో మేఘం చెప్పేది కాదు. కదలడమే కాదు, ఆగి ఉండడం కూడా నడిపింపేనని ఆ అధ్యాయం నేర్పుతుంది. మూడేళ్లుగా ఉద్యోగ ప్రకటనల కోసం ఎదురుచూస్తూ కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరుగుతున్న మన యువతకు ఈ అధ్యాయాన్ని ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండును.

ఏలీయా సంగతి ఇంకా ఆశ్చర్యకరం. కెరీతు వాగు దగ్గరికి వెళ్లి దాక్కోమని చెప్పింది దేవుడే. కాకుల చేత ఆహారం పంపింది దేవుడే. కొంతకాలానికి ఆ వాగే ఎండిపోయింది (1 రాజులు 17:7). దేవుడు పంపిన చోటే నీళ్లు ఎండిపోవడం ఏమిటి? ఏలీయా మాట వినకపోయాడా? విన్నాడు. వాగు ఎండింది ఆయన అవిధేయత వల్ల కాదు, దేశంలో వర్షం లేక. అందరికీ వచ్చిన కరువు ప్రవక్తకూ వచ్చింది. ఆ తర్వాతే సారెపతుకు వెళ్లమన్న మాట వినబడింది. అక్కడ ఆకలితో చావు కోసం ఎదురుచూస్తున్న ఒక విధవరాలు, ఆమె కొడుకు ఉన్నారు. వాగు నిండుగా ఉండి ఉంటే ఏలీయా ఆ ఇంటి గడప తొక్కేవాడు కాదేమో.

అపొస్తలుడైన పౌలు ఆసియలో వాక్యం చెప్పాలనుకున్నాడు, ఆటంకం వచ్చింది. బితూనియకు వెళ్లాలనుకున్నాడు, అదీ కుదరలేదు. రెండు తలుపులూ మూసుకున్నాక సముద్రతీరంలోని త్రోయకు చేరాడు. మాసిదోనియ నుంచి పిలుపు వచ్చింది అక్కడే (అపొ. కార్య. 16:6-10). ఆ పిలుపు విని సముద్రం దాటి ఫిలిప్పీకి వెళితే ఏమైంది? బెత్తం దెబ్బలు, కాళ్లకు బొండ, జైలు. దర్శనం చూసి, దేవుని పిలుపేనని నిశ్చయించుకుని వెళ్లినవాడికి దొరికిన స్వాగతం అది. మనమైతే 'దర్శనం తప్పుగా అర్థం చేసుకున్నాం' అనుకునేవాళ్లం. పౌలు, సీలలు అర్ధరాత్రి పాటలు పాడారు. ఆ ఊళ్లో పుట్టిన సంఘమే తర్వాత పౌలును ఎంతగానో ఆదుకుంది.

ఒంగోలు కొండ మీద

మన తెలుగు నేల మీదే, మన సంఘాల చరిత్రలోనే ఇలాంటి ఎదురుచూపు ఒకటి ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరపున శామ్యూల్ డే 1836లో తెలుగు ప్రాంతానికి వచ్చాడు. 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా విశ్వాసుల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేటంతే. ఈ పని మూసేద్దామని అమెరికాలోని పెద్దలు ఒకటి కంటే ఎక్కువసార్లు తర్జనభర్జన పడ్డారు. పటం మీద ఆ మిషన్ కేంద్రాలను నక్షత్రాలుగా గుర్తిస్తే తెలుగువారి వైపు ఒకే ఒక్క చుక్క ఉండేది. అందుకే దానికి 'ఒంటరి నక్షత్రం' అని పేరు పడింది.

1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జూవెట్, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలులోని ఒక కొండ ఎక్కి, ఈ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. జవాబు వెంటనే రాలేదు. జాన్ క్లౌ నెల్లూరు చేరింది 1865లో, ఒంగోలుకు వచ్చింది 1866లో. అంటే ప్రార్థనకూ జవాబుకూ మధ్య పన్నెండేళ్లు.

తర్వాత 1876-78 నాటి ఘోరమైన కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో అలమటిస్తున్న వేల మందికి కూలి పని కల్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం కోరి వచ్చిన వారికి బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఆపాడు. కరువు సహాయం ముగిశాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను మన సంఘాల్లో గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కానీ సంఖ్య కంటే ముందున్న ఆ నలభై ఏళ్లను మరచిపోతాం. ఫలితం చూడకుండానే విత్తి వెళ్లిపోయినవారు ఎందరో ఉన్నారు. దేవుడు వారిని కూడా నడిపించాడు.

రేపటి కోసం తొందర

నడిపింపును ముందే తెలుసుకోవాలన్న తొందర మనలో కొన్ని అలవాట్లను పెంచింది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు తీసుకోవడం మన సంఘాల్లో చాలాచోట్ల ఉంది. వాక్యాన్ని ప్రేమించి, ఏడాదంతా ధ్యానించడానికి తీసుకుంటే అది మంచిదే. కానీ ఆ కార్డునే ఏడాది జాతకంలా చూసుకుంటే? మంచి వాగ్దానం వచ్చిందని మురిసిపోయి, ఏప్రిల్‌లో దెబ్బ తగిలితే దేవుడు మాట తప్పాడని కుమిలిపోతే? కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన వచనాన్ని బట్టి పెళ్లి సంబంధం ఖాయం చేసుకునేవారున్నారు. 'నీకు వీసా వస్తుందని దేవుడు చూపించాడు' అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని పొలం అమ్మి ఏజెంటు చేతిలో పోసినవారున్నారు. ఇంకా బాధాకరం ఏమిటంటే, 'విశ్వాసం ఉంటే మందులెందుకు' అన్న మాట విని షుగరు మాత్రలు, టీబీ మాత్రలు మధ్యలో మానేసి ప్రాణం మీదకు తెచ్చుకునేవారున్నారు. లూకా వైద్యుడని, పౌలు ఆయన్ని ప్రియమైన వైద్యుడని పిలిచాడని (కొలొస్సీ 4:14) వారికి ఎవరు చెప్పాలి? చెమటోడ్చి మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాడి చేతికి దొరికిన మేలు కూడా దేవుని దయే. ఆ మేలును కాదనడం విశ్వాసం కాదు.

కీర్తనకారుడు వాక్యాన్ని తన పాదాలకు దీపంతో పోల్చాడు (కీర్తన 119:105). ఆ రోజుల్లో దీపమంటే చేతిలో పట్టుకునే చిన్న నూనె దీపం. టార్చిలైటు కాదు. దాని వెలుగు ఊరి చివరి దాకా పోదు. తర్వాత వేయబోయే అడుగు దాకానే పోతుంది. అడుగు వేస్తేనే ఆ తర్వాతి అడుగుకు వెలుగు. నిలబడి ఊరి చివర ఏముందో చూపించమని దీపాన్ని అడిగితే లాభం లేదు. దేవుని నమ్మడం అంటే రేపు ఏమవుతుందో తెలియడం కాదు. రేపు తెలియకపోయినా ఈ రోజు చేయవలసిన పనిని నమ్మకంగా చేయడం.

యోసేపు చేసింది అదే. పదిహేడేళ్ల వయసులో అన్నలు అమ్మేశారు. ముప్ఫయ్యో ఏట ఫరో ఎదుట నిలిచాడు. మధ్యలో పదమూడేళ్లు. పోతీఫరు ఇంట్లో ఉన్నప్పుడు ఆ ఇల్లు చక్కగా చూశాడు. చెరసాలలో ఉన్నప్పుడు చెరసాల పనులు చక్కగా చూశాడు. తోటి ఖైదీల ముఖాలు చిన్నబోయి ఉంటే 'ఏమైంది' అని అడిగాడు. మేలు పొందిన పానదాయకుల అధిపతి రెండేళ్లు ఆయన్ని మరచిపోయాడు. 'దేవుడు దీన్ని మేలుకే తిప్పాడు' అన్న భావంతో యోసేపు అన్నలతో మాట్లాడింది (ఆది 50:20) అన్నీ ముగిశాక. గుంతలో ఉన్నప్పుడు కాదు, చెరసాలలో ఉన్నప్పుడు కాదు. ఆ మాట అనడానికి ఆయనకు కూడా కాలం పట్టింది. కాబట్టి కష్టంలో ఉన్నవాడి దగ్గరికి పోయి 'అంతా మేలుకే' అని మొదటి రోజే చెప్పే తొందర మనం మానుకోవాలి. ఆ మాట అతని నోటి నుంచి, అతని సమయంలో రావాలి.

మధ్యలో ఉన్నవారి సాక్ష్యం

ఇక్కడ సంఘాన్ని ఒక మాట అడగదలచుకున్నాం. మన ఆరాధనల్లో సాక్ష్యాలు చెప్పిస్తాం. మైకు ఎవరికి ఇస్తాం? జబ్బు నయమైనవారికి, ఉద్యోగం వచ్చినవారికి, సంతానం కలిగినవారికి. వారి కృతజ్ఞత తప్పు కాదు. కానీ ఇంకా నయం కానివారు, ఇంకా ఉద్యోగం రానివారు, పదేళ్లుగా ఒడి నిండనివారు వెనక బెంచీలో కూర్చుని ఏమనుకుంటారు? దేవుడు వారిని నడిపించాడు, నన్ను వదిలేశాడు అనుకోరా? ఇంకా దారి మధ్యలో ఉండి కూడా ప్రార్థన మానని మనిషి సాక్ష్యం, గమ్యం చేరినవారి సాక్ష్యం కంటే ఏం తక్కువ?

హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం విశ్వాసవీరుల పట్టిక. దాని చివర వారందరూ విశ్వాసం వల్ల మంచి పేరు పొందినా, వాగ్దానం చేయబడినదాన్ని అనుభవించలేదన్న భావం గల మాట ఉంది (హెబ్రీ 11:39). మోషే నెబో కొండ మీద నుంచి వాగ్దాన దేశాన్ని చూశాడు కానీ అందులో అడుగుపెట్టలేదు. బాప్తిస్మమిచ్చు యోహాను చెరసాలలో ఉండి, 'రాబోవువాడవు నీవేనా' అని శిష్యుల చేత అడిగించాడు (మత్తయి 11:3). ప్రభువు ఆయన్ని గద్దించలేదు. జవాబు పంపాడు, జనం ఎదుట ఆయన్ని మెచ్చుకున్నాడు. చెరసాల తలుపు మాత్రం తెరుచుకోలేదు. కాబట్టి ప్రతి కథా నోబెల్ బహుమతితో ముగుస్తుందని మేము చెప్పడం లేదు. గెత్సేమనేలో మన ప్రభువే గిన్నె తొలగించమని అడిగాడు. అది తొలగలేదు. తండ్రి చిత్తానికి తలవంచి ఆయన సిలువ దాకా నడిచాడు. మన నమ్మకానికి ఆధారం అక్కడ ఉంది. మనల్ని నడిపించేవాడు ఆ దారిలో తాను నడిచినవాడు.

బేగంపేటలో రెక్కల మీద మచ్చలున్న దోమలకు తన ఒళ్లు అప్పగించిన హుసేన్ ఖాన్‌ను ఒకసారి తలుచుకుందాం. జ్వరంతో ఉన్న పేదవాడు. తన రక్తం నుంచి లోకానికి ఎంత మేలు కలగబోతోందో ఆయనకు తెలిసి ఉండదు. ఆయన బాధ ఎందుకు వచ్చిందో మనం చెప్పలేం. అయితే ఆ బాధ వ్యర్థం కాలేదని మాత్రం చెప్పగలం. మలేరియా పూర్తిగా పోలేదు. ఇటీవలి సంవత్సరాల్లో కూడా ప్రపంచంలో ఏటా ఆరు లక్షల మంది దాకా దీనితో చనిపోతున్నారు. వారిలో ఎక్కువమంది ఆఫ్రికాలోని పసిపిల్లలు. కానీ నేడు ఎన్నో లక్షల పిల్లలు దోమతెర కింద క్షేమంగా నిద్రపోతున్నారంటే, దోమ మీదే పోరాడాలని బేగంపేటలో తెలియడం అందుకు ఒక కారణం. మన కన్నీళ్లు ఎవరి ఇంట దీపమవుతాయో మనకు తెలియదు. తెలిసినవాడు ఒకడున్నాడు.

మోషే ఒకసారి దేవుని మహిమను చూపించమని అడిగాడు. దేవుడు ఆయన్ని బండ సందులో ఉంచి, తన చేతితో కప్పి, దాటి వెళ్లాక చేయి తీశాడు. మోషే చూసింది వెనక భాగాన్నే (నిర్గమ 33:22, 23). మనకూ అంతే. దేవుడు దాటిపోతున్నప్పుడు మనకు చీకటిగానే ఉంటుంది. ఆ చీకటి ఆయన లేకపోవడం వల్ల వచ్చింది కాకపోవచ్చు, ఆయన చేయి మన మీద కప్పి ఉండడం వల్ల వచ్చింది కావచ్చు. ఆయన దాటి వెళ్లాక, వెనక్కి చూస్తే తెలుస్తుంది.

ప్రియ పాఠకులారా, మీలో ఈ వారం ఆసుపత్రి వరండాలో కూర్చుని ఇది చదువుతున్నవారు ఉండవచ్చు. అప్పుల లెక్క చూసుకుంటూ రాత్రి నిద్ర పట్టనివారు ఉండవచ్చు. మీకు దారి అంతా కనబడకపోతే భయపడకండి. కనబడిన ఒక్క అడుగు వేయండి. వేసుకోవలసిన మాత్ర వేసుకోండి, పెట్టవలసిన దరఖాస్తు పెట్టండి, క్షమాపణ చెప్పవలసిన చోట చెప్పండి. ఒంటరిగా మోయలేని భారాన్ని నమ్మకమైన ఒక విశ్వాసితో పంచుకోండి. రాత్రి పడుకునే ముందు, నడిచి వచ్చిన దారిని ఒకసారి తలుచుకోండి. నలభై ఏళ్ల అరణ్య మార్గాన్ని జ్ఞాపకం చేసుకోమని మోషే తన జనానికి చెప్పింది (ద్వితీ 8:2) ఇందుకే. నిన్నటి దారిలో కనిపించిన చేయే రేపటి దారిలోనూ ఉంటుంది.

మారా దగ్గర ఆగిపోయినవారు కొంచెం ముందుకు నడిస్తే ఏలీము చేరారు. అక్కడ పన్నెండు నీటి బుగ్గలు, డెబ్బయి ఈత చెట్లు ఉన్నాయి. మారాలో ఉన్నవారికి ఏలీము కనబడదు. కానీ ఉంది. చేదునీళ్ల దగ్గర కూడా ఆ దేవుని చేయి విడువక పట్టుకునే విశ్వాసాన్ని, దారి మధ్యలో ఉన్న తోటివారి చేయి పట్టుకునే ప్రేమను ప్రభువు మనకందరికీ అనుగ్రహించును గాక!